నీళ్ళు మోస్తాయి

పిల్లలూ!

మన "ఎందుకు? ఎలా?" శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను నవ్వించింది, కాస్త ఆలోచింపజేసింది కూడానూ. రాసినది అయిదో తరగతి చదివే ఒక చెల్లెలు. పేరు అచ్చు వెయ్యవద్దని అడుగున రెండు గీతలు గీసి మరీ చెప్పింది గనుక వెయ్యటం లేదు. ఉత్తరం చూడండి:

"అన్నయ్యా! మా ఊళ్ళో ఈతకొలను ఉన్నది. వేసవి సెలవులలో అక్కడ పొద్దున పిల్లలకూ, సాయంత్రం పెద్దవాళ్ళకూ ఈత నేర్పుతారు. నాన్న నన్నూ అమ్మనూ చేర్పించారు. వారం రోజులయింది. మా మాస్టారు ఇంతవరకు చేతులు ఎలా ఆడించాలో చెప్పనే లేదు. నీళ్ళలో ముఖం పెట్టి బుడగలు ఊదమంటారు. మోకాళ్ళు కావలించుకుని తేలమంటారు. ఇదేం ఈత? మా తాతయ్యను చిన్నప్పుడు మోటబావిలోకి తోసేశారట. మూడో రోజుకల్లా ఈత వచ్చేసిందట. ఇంకొక సంగతి. నీళ్ళంటే హడలిపోయే మా అమ్మ నాలుగో రోజుకే వెల్లకిలా తేలింది. నేను నాలుగు అంకెలు లెక్కపెట్టే లోపల మునిగిపోతున్నాను. ఎందుకని?"

చెల్లాయ్! నువ్వు అడిగినవి మూడు ప్రశ్నలు. బుడగలు ఎందుకు? తాతయ్యకు బావిలో ఎలా వచ్చింది? అమ్మ ఎందుకు తేలింది? మూడింటికీ మొదలు ఒక్కటే కనుక ముందు దాన్ని పట్టుకుందాం. అందుకు కొలనుదాకా పోనక్కరలేదు. ఒక బకెట్టు నీళ్ళూ, ఒక కమలాపండూ ఉంటే చాలు.

పండును తొక్కతో సహా నీళ్ళలో వెయ్యండి. తేలుతుంది. ఇప్పుడు తొక్క ఒలిచి, పైనున్న తెల్లని పీచుకూడా తీసి, మళ్ళీ వెయ్యండి. బుడుంగుమని మునుగుతుంది! చిత్రంగా లేదూ? తొక్క తీసేస్తే పండు బరువు తగ్గింది కదా! బరువుగా ఉన్నప్పుడు తేలిన పండు, తేలిక అయ్యాక మునిగిందేమిటి?

కిటుకంతా ఆ తొక్కలోనే ఉంది. కమలాతొక్క చాలా గుల్లగా ఉంటుంది. దాని సందులనిండా గాలి. ఆ గాలికి బరువు లేదన్నంత తక్కువ. కాని అది చోటు మాత్రం ఆక్రమిస్తుంది. నీళ్ళు వస్తువుల బరువు ఒక్కటే చూడవు. ఆ బరువు ఎంత చోటులో పరుచుకుని ఉన్నదో కూడా చూస్తాయి.

ఈ సంగతిని 2,200 ఏళ్ళకు పైగా కిందట సిసిలీ దీవిలో, సిరక్యూజ్ అనే పట్టణంలో ఉండిన ఆర్కిమిడీస్ తేల్చి చెప్పాడు. ఒక వస్తువు నీళ్ళలోకి దిగితే కొంత నీటిని పక్కకు నెడుతుంది గదా. ఆ నెట్టిన నీటి బరువు ఎంతో, అంత బలంతో నీళ్ళు ఆ వస్తువును పైకి ఎత్తుతాయి. మీరు నిండు గంగాళంలోకి చెంబు నొక్కి చూడండి, కింద ఎవరో కూర్చుని పైకి నెడుతున్నట్టు ఉంటుంది.

(ప్రయోగం కాగానే బకెట్టూ గంగాళమూ ఒలకబోసి బోర్లించండి. ఇంట్లో పాకే పాపాయి ఉంటే ఇది మరీ ముఖ్యం. తప్పటడుగుల పిల్లలు బకెట్టులోకి తొంగి చూస్తూ తలకిందులుగా పడితే తమంతట తాము లేవలేరు. జానెడు నీళ్ళయినా చాలు.)

ఇక మన శరీరం సంగతికి వద్దాం. 30 కిలోలున్న పిల్లనో పిల్లవాణ్ణో తీసుకుందాం. ఆ పిల్ల గుండెనిండా గాలి పీల్చుకుంటే శరీరం మొత్తం ఆక్రమించే చోటు సుమారు 30 లీటర్ల 600 మిల్లీలీటర్లు. ఒక లీటరు నీళ్ళు ఒక కిలో తూగుతాయని మీకు తెలుసు. 30 కిలోలను మొయ్యటానికి 30 లీటర్ల నీళ్ళు పక్కకు జరిగితే చాలు. అంటే శరీరంలో 30 లీటర్లంత మేర నీళ్ళలో ఉంటుంది. మిగతా 600 మిల్లీలీటర్లంత పైన తేలుతుంది. ఏ ప్రయత్నమూ లేకుండానే! చెయ్యి ఆడించనక్కరలేదు, కాలు కొట్టనక్కరలేదు.

ఆ 600 మిల్లీలీటర్లు ఎంత? వెల్లకిలా పడుకున్నప్పుడు ముక్కూ నోరూ కళ్ళూ, కొంచెం రొమ్మూ. అంతే. నీళ్ళు మనకు ఉచితంగా ఇచ్చే వాటా అదే. ఊపిరి తీసుకోవటానికి అది చాలును కూడా. కాని చెవులు మునగాలి. మెడ వెనక భాగం మునగాలి. "అమ్మో, చెవుల్లోకి నీళ్ళు పోతాయి!" అని తల మొత్తం పైకెత్తామా, లెక్క తప్పిపోతుంది. తల ఒక్కటే మూడు లీటర్ల పైన ఉంటుంది. మన వాటా చూడబోతే అరలీటరు పైచిలుకు! తల పైకి వస్తే ఆ మేరకు నడుమూ కాళ్ళూ కిందికి పోతాయి, తరువాత తలకూడా పోతుంది.

ఇంతకన్న ముఖ్యమైన లెక్క ఒకటి ఉంది. ఈత రానివాడు నీళ్ళలో పడగానే ఏం చేస్తాడు? భయంతో రెండు చేతులూ పైకెత్తుతాడు. మనం చెప్పుకున్న 30 కిలోల పిల్లకు మోచెయ్యి మొదలు వేళ్ళదాకా ఒక్కొక్క చెయ్యి 600 గ్రాముల పైన తూగుతుంది. రెండూ కలిస్తే కిలోకు పైమాట. ఆ రెండు చేతులు గాలిలోకి లేచాయంటే వాటికి బదులు ముఖం నీళ్ళలోకి దిగక తప్పదు. చూశారా! మునిగేవాణ్ణి ముంచేవి చాలాసార్లు వాడి చేతులే. చేతులు నీటి అడుగున ఉంచితే నీళ్ళు వాటినీ మోస్తాయి, వాడినీ మోస్తాయి.

ఇదంతా గుండెనిండా గాలి ఉన్నప్పటి మాట. గాలంతా వదిలేశామనుకోండి. అప్పుడు ఆ పిల్ల శరీరం ఆక్రమించే చోటు సుమారు రెండు లీటర్లు తగ్గిపోతుంది. కాని బరువు మటుకు అలాగే ఉంటుంది. తొక్క ఒలిచిన కమలాపండు అయిపోయింది! అందుచేత మన ఊపిరితిత్తులే మన తొక్క.

ఇప్పుడు బుడగల సంగతి చెపుతాను, చెల్లాయ్. కొత్తగా నీళ్ళలో దిగినవాళ్ళు ముఖం నీటిలో పెట్టగానే ఊపిరి బిగబడతారు. పైకి లేచాక గబగబా గాలి వదిలి, గబగబా పీల్చబోతారు. రెండు పనులకూ వ్యవధి చాలదు. లోపల పాతగాలి ఉండగానే ఇంకొంచెం పీలుస్తారు. ఇలా నాలుగుసార్లు అయ్యేసరికి ఆయాసం, దగ్గు, ఆపైన కంగారు. ఈత తెలిసినవాడు ముఖం నీటిలో ఉండగానే ముక్కునుంచీ నోటినుంచీ నెమ్మదిగా గాలి వదులుతాడు. అవే ఆ బుడగలు. ముఖం పైకి వచ్చిన క్షణాన ఇక పీల్చటం ఒక్కటే పని. మీ మాస్టారు నీకు వారం రోజులుగా నేర్పుతున్నది ఈతలో కష్టమయిన సగం. చేతులూ కాళ్ళూ ఆడించటం సులువయిన సగం. అది కుక్కపిల్లకు కూడా ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

మోకాళ్ళు కావలించుకుని తేలటం కూడా ఇలాంటిదే. అది తాబేలు తేలుడు. గాలి పీల్చి, ముఖం నీటిలో పెట్టి, మోకాళ్ళు పొట్టకు తెచ్చుకుని ఊరుకుంటే ముందు శరీరం కాస్త కిందికి పోతుంది. అప్పుడే అందరూ హడలిపోయి కాళ్ళు దించేస్తారు. రెండు మూడు అంకెలు లెక్కపెట్టేదాకా ఓపిక పడితే వీపు తనంతట తానే మెల్లగా పైకి వస్తుంది. నీళ్ళు ఎత్తుతాయని ఎవరు ఎంత చెప్పినా ఒకటి. వీపుమీద గాలి చల్లగా తగిలినప్పుడు తెలిసేది మరొకటి.

ఈ మాట కనిపెట్టినవాడు ఒకడున్నాడు. పిడుగులు పడే మబ్బులోకి గాలిపటం ఎగరేసి, మెరుపూ విద్యుత్తూ ఒకటేనని చూపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన గొప్ప ఈతగాడు. చిన్నతనంలో బోస్టన్ నగరంలో ఉండగా, చేతులకు పట్టుకోవటానికి బొటనవేలు దూరే చిల్ల పెట్టి రెండు చెక్క పలకలు చేసుకుని వాటితో ఈదేవాడు. ఈత నేర్చుకోదలచిన ఒక మిత్రుడికి ఆయన ఒక ఉత్తరం రాశాడు. అందులో చెప్పిన ఉపాయం ఏమిటంటే: మెల్లగా లోతు పెరిగే చోట రొమ్ములోతు వరకు నడిచి వెళ్ళు. అక్కడ గట్టు వైపుకు తిరిగి, నీకూ గట్టుకూ మధ్య ఒక కోడిగుడ్డు నీళ్ళలో వెయ్యి. అది అడుగుకు పోతుంది. కళ్ళు తెరిచి మునిగి దాన్ని తియ్యటానికి ప్రయత్నించు. నువ్వు కిందికి పోదామనుకుంటే నీళ్ళు నిన్ను పైకి నెడుతూ ఉంటాయి!

ఎంత చమత్కారమో చూడండి. మునిగిపోతానని భయపడేవాడికి "మునుగు చూద్దాం" అన్నాడు. మునగటం ఎంత కష్టమో తెలిస్తే ఇక భయమెక్కడిది? గట్టు వైపు తిరగమనటంలో కూడా తెలివి ఉంది. ముందుకు ఎంత కదిలినా లోతు తగ్గుతుందే కాని పెరగదు. ఇది మీ మాస్టారు పక్కన ఉండగా, అడుగు కనిపించే కొలనులో చెయ్యవలసిన పని. కోడిగుడ్డుకు బదులు ఈ కాలపు కొలనులలో రంగు బిళ్ళలూ వలయాలూ వేసి తియ్యమంటారు.

ఈ ఫ్రాంక్లిన్ పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ వయసులో లండన్ వెళ్ళి ఒక అచ్చాఫీసులో పని చేశాడు. అక్కడి తోటి పనివాడికీ, అతని స్నేహితుడికీ ఈత నేర్పాడు. వాళ్ళు చిన్నపిల్లలు కారు. అయినా రెండంటే రెండుసార్లు నదిలో దిగేసరికి వాళ్ళకు ఈత పట్టుబడిందట. మరొక రోజు పడవ ప్రయాణంలో ఫ్రాంక్లిన్ బట్టలు విప్పి థేమ్స్ నదిలో దూకి చెల్సీ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా దారి పొడుగునా రకరకాల ఈతలు ఈది చూపించాడు. ఆ సంగతి విని, ఒక పెద్దమనిషి తన కొడుకులిద్దరికీ ఈత నేర్పమని కబురు పెట్టాడు. కాని అప్పటికి ఫ్రాంక్లిన్ తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంగ్లండులోనే ఉండిపోతే ఈతబడి పెట్టి బాగా సంపాదించవచ్చునని ఆయనకు తోచిందట! ఆ ఓడ ఆలస్యమయి ఉంటే ఈత మాస్టారుగా స్థిరపడిపోయేవాడేమో, ఎవరు చెప్పగలరు?

పెద్దవాళ్ళకు ఈత రాదని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి. అసలు పెద్దవాళ్ళకు ఒక సౌకర్యం ఉన్నది. ఎముకా కండా నీటికన్న బరువు. కొవ్వు నీటికన్న తేలిక. సన్నగా, పుల్లలా ఉండే పిల్లలకంటే అమ్మల శరీరంలో, అందులోనూ అమ్మమ్మల శరీరంలో, కొవ్వు పాలు ఎక్కువ. అందుచేత వాళ్ళు నీటిమీద ఇట్టే తేలుతారు. (ఈ వాక్యం మీ అమ్మకు వినిపించే ముందు కాస్త ఆలోచించుకో, చెల్లాయ్.) మరొకటి కూడా ఉంది. "తల వెనక్కు వాల్చండి, చెవులు మునగనివ్వండి" అని మాస్టారు చెపితే మీ అమ్మ ఆ మాట నమ్మి, కళ్ళు మూసుకునైనా సరే, అలాగే పడుకుని ఉంటుంది. నువ్వో? ఎంతదాకా తేలానో చూద్దామని తల ఎత్తి ఉంటావు! నాలుగో అంకెకు మునుగుతున్నావంటే కారణం ఇదే అయి ఉండాలి. ఈసారి ఇంటికప్పు చూస్తున్నట్టుగా పైకి చూడు. చేతులు తలపైనుంచి వెనక్కు చాచి నీళ్ళలోనే ఉంచు. అలా చేస్తే బరువు తల వైపుకు జరిగి, దిగిపోయే కాళ్ళు కొంత పైకి వస్తాయి.

పెద్దవాళ్ళకు కష్టమల్లా భయం. ఏళ్ళ తరబడి పేరుకున్న భయం ఒళ్ళంతా కర్రలా బిగదీస్తుంది. ఎవరో ఎప్పుడో నీళ్ళలోకి తోసి ఉంటారు, అది మరిచిపోరు.

అక్కడికే వస్తున్నాను. మీ తాతయ్యను తోసేశారు, ఆయనకు ఈత వచ్చింది. నిజమే కావచ్చు. కాని తోస్తే ఈత వచ్చినవాళ్ళే ఆ కథ చెప్పటానికి మిగులుతారు. జన్మలో మళ్ళీ నీళ్ళ దగ్గరకు పోనివాళ్ళు ఆ కథ చెప్పరు. అసలు మన పల్లెల్లో ఈత నేర్పే పద్ధతి తోసెయ్యటం కానే కాదు. ఎండిన సొరకాయ బుర్రలో, జీలుగు బెండ్లో వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి, తండ్రో మేనమామో ఒడ్డున తాడు పట్టుకుని నిలబడేవాడు. పిల్లవాడు కాళ్ళూ చేతులూ ఆడిస్తూ ఉంటే బెండ్లు మోసేవి. నాలుగు రోజులకు ఒక బెండు తీసేవారు. మరి నాలుగు రోజులకు ఇంకొకటి. ఆఖరి బెండు తీసిన రోజున కూడా వాడికి బెండు ఉన్నట్టే ఉండేది. బుర్రలో గాలి ఉంటుంది, బెండులో గాలి ఉంటుంది. ఆర్కిమిడీస్ పేరు వినని రైతులు కూడా ఆయన సూత్రాన్ని పిల్లల వీపులకు కట్టారన్నమాట! ఈ పద్ధతిని నేను మెచ్చుకుంటాను. మెచ్చుకోనిది బావిని. దిగుడుబావికి మెట్లయినా ఉంటాయి. మోటబావికి నాలుగు పక్కలా నిటారు గోడలు, అలసిపోతే పట్టుకోవటానికి ఏమీ ఉండదు. ఆ తాడు పట్టుకునే మేనమామ లేకుండా బావిలోకి దిగవద్దు.

మన దేశంలో ఘాట్ల దగ్గర మొదలయి ఎంతో దూరం పోయిన ఈత ఒకటి చెపుతాను. కలకత్తాలో 1940లో పుట్టిన ఆరతీ సాహా పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నది. స్నానానికి ఘాట్‌కు తీసుకుపోతే అక్కడే ఈత పట్టుకున్నది. ఇది గమనించి తండ్రి ఆమెను నాలుగేళ్ళ వయసులో ఈత సంఘంలో చేర్పించాడు. 1952లో హెల్సింకీలో ఒలింపిక్ పోటీలు జరిగినప్పుడు మన దేశం తరఫున ఈదిన ఆరతికి వయసెంతో తెలుసా? పదకొండేళ్ళు! మీలో చాలామంది ఈడే. 1959 ఆగస్టులో ఆమె ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్యనున్న ఇంగ్లిష్ చానల్‌ను ఈదటానికి దిగింది. తీరం ఇంకా కొద్ది మైళ్ళు ఉందనగా ప్రవాహం ఎదురు తిరిగి, విరమించుకోవలసి వచ్చింది. నెల తిరిగింది. సెప్టెంబరు 29న మళ్ళీ దిగి, 16 గంటల 20 నిమిషాలు ఈది, అవతలి ఒడ్డు ఎక్కింది. ఆసియా ఖండంలో ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆమె. అన్ని గంటలపాటు ఆమెను మోసినవి చేతుల బలం ఒక్కటే అనుకుంటున్నారా? ఉప్పునీరు మంచినీటికన్న చిక్కన. మన 30 కిలోల పిల్ల సముద్రంలో తేలితే 600కు బదులు 1,300 మిల్లీలీటర్లంత పైన ఉంటుంది. నీళ్ళు మోస్తాయి, ఆమె ముందుకు పోవటం చూసుకున్నది. అయితే సముద్రంలో తేలటం సులువని ఎవరూ విశాఖపట్నంలో అలల్లోకి ఉరకవద్దు. అక్కడ తీరంనుంచి లోపలికి లాగే ప్రవాహాలు గజఈతగాళ్ళను కూడా ఏడిపిస్తాయి.

ఇక ఈ శీర్షికలో నేను తప్పించుకోలేని విషయం ఒకటి. ఒక్క 2021లోనే ప్రపంచంలో సుమారు మూడు లక్షలమంది నీళ్ళలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకట్టింది. అయిదేళ్ళు మొదలు పధ్నాలుగేళ్ళదాకా ఉన్న పిల్లల మరణాలకు కారణాలు వరసగా రాస్తే ఇది మూడవది. సెలవుల్లో నలుగురు స్నేహితులు కలిసి కాలువకో, నదిలో ఇసుక తవ్విన గుంటకో, క్వారీ నీళ్ళకో పోతారు. ఒకడికి కాలు జారుతుంది. వాణ్ణి పట్టుకోబోయి రెండోవాడు, రెండోవాడికోసం మూడోవాడు. ఇలాంటి వార్త ఏటా వేసవిలో పత్రికలలో చూస్తూనే ఉన్నాం.

మునిగేవాడు సినిమాలో మాదిరిగా కేకలు పెట్టడు. కేక పెట్టాలంటే ముందు ఊపిరి ఉండాలి గదా! నోరు నీటిపైకి వచ్చిన రవంతసేపూ గాలి పీల్చటానికే చాలదు. చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి, తల వెనక్కు వాలి ఉంటుంది, చూసేవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నిమిషం కూడా పట్టకుండా అంతా అయిపోవచ్చు. అందుచేత ఎవడైనా నీళ్ళలో హఠాత్తుగా నిశ్శబ్దమయితే "ఏరా, బాగున్నావా?" అని అడగండి. జవాబు రాకపోతే వెంటనే పెద్దవాళ్ళను కేకెయ్యండి.

మీరు మాత్రం దూకకండి. ఈత బాగా వచ్చినా సరే. మునిగేవాడు చేతికి దొరికినదాన్ని ఎక్కి నిలబడటానికి చూస్తాడు. మీరు దొరికితే మిమ్మల్నే ఎక్కుతాడు. అది వాడి తప్పు కాదు. గట్టున బోర్లా పడుకుని కర్ర అందివ్వండి, తాడు విసరండి, మూత బిగించిన ఖాళీ బిందెనో ప్లాస్టిక్ డబ్బానో విసరండి. కమలాతొక్కలో గాలి ఏ పని చేసిందో డబ్బాలో గాలి అదే పని చేస్తుంది. ఏదీ లేకపోతే? 2020 ఆగస్టులో తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై జలాశయం దగ్గర నలుగురు కుర్రవాళ్ళు మునిగిపోతూ ఉంటే, గట్టున ఉన్న ముగ్గురు స్త్రీలు తమ ఒంటిమీది చీరలు విప్పి నీళ్ళలోకి విసిరారు. ఇద్దరు కుర్రవాళ్ళు వాటిని పట్టుకుని బతికి బయటపడ్డారు. మిగతా ఇద్దరూ దక్కలేదు. ఆ తల్లుల సాహసాన్ని అక్కడి ప్రభుత్వం పతకాలిచ్చి గౌరవించింది.

బంగ్లాదేశ్‌లో ఇంటింటికీ ఒక చెరువు ఉన్నట్టే ఉంటుంది. అక్కడ పల్లెల్లో చెరువులోనే వెదురుతో అరుగు కట్టి, దాని లోపల లోతు తక్కువ ఉండేటట్టు చేసి, పిల్లలకు వరసగా పాఠాలు చెపుతున్నారు. ఖరీదైన కొలను అక్కరలేదన్నమాట. పాఠాలు పూర్తయినట్టు గుర్తేమిటంటే, పిల్ల 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు నీటిమీద తేలి ఉండాలి, మునిగేవాడికి ఒడ్డునుంచి ఏదైనా అందించటం తెలియాలి. బారలు ఎంత అందంగా వేస్తున్నదని ఎవరూ అడగరు. ఈ కొలత నాకు నచ్చింది. మీరు ఎక్కడ నేర్చుకున్నా ఈ మూడూ వచ్చేదాకా మానకండి.

ఒక్క ఆటనుంచి మాత్రం దూరంగా ఉండాలి. అదే మునక పందెం. ఎవరు ఎక్కువసేపు నీటిలో ఉంటారో చూద్దామని, ముందు గబగబా పది పదిహేనుసార్లు ఊపిరి పీల్చి వదిలి మునుగుతారు. నిజంగానే ఎక్కువసేపు ఉండగలుగుతారు. ఎందుకంటే, "ఊపిరి పీల్చు, పీల్చు!" అని మనల్ని తొందరపెట్టేది ప్రాణవాయువు తక్కువ కావటం కాదు; బొగ్గుపులుసు గాలి ఎక్కువ కావటం. గబగబా ఊపిరి వదిలినప్పుడు ఆ బొగ్గుపులుసు గాలి బయటికి పోతుంది. హెచ్చరించే గంట మూగబోతుంది. లోపల ప్రాణవాయువు అయిపోతున్నా తెలియక, ఏ బాధా లేకుండానే నీటి అడుగున స్పృహ తప్పిపోతారు. ఇది ఈత రానివాళ్ళకు జరిగేది కాదు, బాగా వచ్చినవాళ్ళకే జరిగేది.

నీ తరువాతి పాఠాలు ఎలా ఉంటాయో చెపుతాను, చెల్లాయ్. గట్టును కాలితో తన్ని, చేతులు ముందుకు చాచి, బాణంలా నీటిమీద జారమంటారు. ఆపైన కాళ్ళు. మోకాలినుంచి కొట్టకు, తొడనుంచి కొట్టు. పాదాలు చాచి ఉంచు. ఆ తరువాతే నువ్వు ఎదురు చూసే చేతులు. నీటిని వెనక్కు నెడితే నీళ్ళు నిన్ను ముందుకు నెడతాయి. కిందికి కొడితే చిందటమే కాని కదలటం ఉండదు. పక్కకు ముఖం తిప్పి ఊపిరి తీసుకోమన్న రోజున, వారం రోజులు ఊదిన బుడగలు ఎందుకు పనికివచ్చాయో నీకే తెలుస్తుంది. చివరకు నిలువు ఈత: ఉన్నచోటనే నిటారుగా, తల పైన ఉంచి, కాళ్ళు తొక్కుతూ నిలవటం. తల పైన ఉండాలంటే వాటాకు మించి అడుగుతున్నాం గనుక ఆ మిగతాది కాళ్ళు సంపాదించాలి.

సాయంత్రం మీ అమ్మ తరగతికి నువ్వు కూడా వెళ్ళి గట్టున కూర్చుని చూడు. అక్కడ తేలటం వచ్చినవాళ్ళ చెవులు ఎక్కడ ఉన్నాయో గమనించు.

మిగతా పిల్లలందరికీ ఈ నెల ప్రశ్న: చిన్న ఇనుప మేకు నీళ్ళలో వేస్తే మునుగుతుంది. వేల టన్నుల ఇనుప ఓడ తేలుతుంది. ఆ ఓడకు కమలాపండు తొక్క ఏది? ఆలోచించి రాయండి. మంచి జవాబులు వచ్చే సంచికలో వేస్తాను.

మీ
అన్నయ్య